తారా గుట్టను తవ్వకుండా ఉండనివ్వాలి

మీత్ కౌంటీలోని తారా గుట్టను చూసి వచ్చిన మనవాళ్ళు చెప్పే మొదటి మాట, అక్కడ చూడటానికి ఏమీ లేదని. ఐర్లండ్ మహారాజులు అధికారం స్వీకరించిన చోటని చదువుకుని, డబ్లిన్ నుంచి కారులో వెళ్ళేవాళ్ళకు అక్కడ కనిపించేది గొర్రెలు మేసే పచ్చిక, అందులో మెత్తటి ఎత్తుపల్లాలు, నిలబెట్టిన రాయి ఒకటి, సన్నటి ద్వారం ఉన్న గుండ్రటి మట్టిదిబ్బ ఒకటి, పక్కన చెట్ల మధ్య పందొమ్మిదో శతాబ్దపు చర్చి. గోడలు లేవు, బురుజులు లేవు, శిల్పాలు లేవు. గోల్కొండ చూసిన కళ్ళకు అవి పొలం గట్లలాగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఈమధ్య మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే ప్రస్తావన వచ్చింది. మా కుటుంబ మిత్రుడొకడు, వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు, ఆ వారమే పిల్లలను తీసుకుని తారా వెళ్ళి వచ్చాడు. "అక్కా, ఇంత పేరున్న చోటును గడ్డి కింద దాచిపెట్టుకుని కూర్చోవడం ఏమిటి? మొత్తం తవ్వి, దొరికినవాటికి అక్కడే ఒక మ్యూజియం కట్టి, కింద ఉందంటున్న ఆ కొయ్య స్తంభాల వలయాన్ని మళ్ళీ నిలబెడితే ప్రపంచమంతా వస్తుంది కదా" అన్నాడు. అతను తేలిగ్గా మాట్లాడే మనిషి కాడు, అడిగిన ప్రశ్న తీసిపారేయదగినదీ కాదు. ఆ రాత్రి నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. నా అభిప్రాయం ఏమిటంటే, తారాలో నేల కింద ఉన్నదానిలో అత్యధిక భాగాన్ని తవ్వకుండా ఉంచడమే ఆ చోటుకు మన కాలం చేయగలిగిన గొప్ప మేలు. దానికి ఎదురు నిలిచే వాదాలు బలమైనవే కాబట్టి వాటినుంచి తప్పుకోకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

పైన కనిపించేది

ముందుగా, అక్కడ ఏమీ లేదన్న మాట సంగతి. బందీల దిబ్బ అని పిలిచే ఆ మట్టిదిబ్బ అడ్డకొలత ఇరవై మీటర్ల పైచిలుకు. లోపల రాళ్ళతో పేర్చిన, సుమారు 4 మీటర్ల పొడవైన ఇరుకు నడవ ఉంది. ఇలాంటి నడవ సమాధులు ఐర్లండ్‌లో చాలా ఉన్నాయి. దీన్ని కట్టి ఐదువేల ఏళ్ళు దాటింది, అంటే కొత్త రాతియుగం నాటిది. నవంబరు మొదట్లోనూ ఫిబ్రవరి మొదట్లోనూ ఉదయించే సూర్యుడి వెలుగు నడవలోకి పడేలా దాని ముఖం తిరిగి ఉంటుంది. ద్వారం దాటగానే ఎడమ చేతి వైపున్న రాతిమీద వలయాలు, వంపుగీతలు చెక్కి ఉన్నాయి. తాళం వేసిన ఇనుప కటకటాల వెనుకనుంచి వాటిని చూడవచ్చు, కానీ చూడాలని తెలిసినవాళ్ళే చూస్తారు.

ఆ దిబ్బను లోపల కలుపుకుంటూ గుట్ట నెత్తిన దాదాపు కిలోమీటరు చుట్టుకొలతతో ఒక కందకం, దాని వెంట ఒక మట్టికట్ట తిరుగుతాయి. రాజుల కోట అని దానికి పేరు. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దపు పని. నేను అతిథులను తీసుకెళ్ళినప్పుడు ముందుగా అక్కడికే నడిపిస్తాను, ఎందుకంటే అందులో రెండు విషయాలు నేలమీదే కనిపిస్తాయి. ఒకటి, కందకం లోపలి వైపు ఉంది, కట్ట బయటి వైపు ఉంది. శత్రువును ఆపడానికి కట్టే కోటకు కందకం బయట ఉండాలని మన ఊళ్ళలోని ఏ మట్టికోటను చూసినా తెలుస్తుంది. ఇక్కడ ఆ వరుసను తిరగేశారంటే అది యుద్ధం కోసం కట్టినది కాకపోవచ్చు, లోపలి నేలను బయటి లోకం నుంచి వేరు చేయడానికి కట్టి ఉండవచ్చునని పండితులు భావిస్తారు. రెండోది, ఆ కందకం ఉత్తరపు వైపు వచ్చేసరికి తన దారి మార్చుకుని, వెలుపల మిగిలిపోవలసిన బందీల దిబ్బను లోపలికి చేర్చుకునేలా వంగుతుంది. ఆ దిబ్బకూ ఈ కందకానికీ మధ్య మూడువేల ఏళ్ళ దూరం ఉంది. ఆ కందకానికీ మనకూ మధ్య ఉన్నది రెండువేల ఏళ్ళే. కందకం తవ్వినవాళ్ళకు ఆ సమాధి మనకు వాళ్ళెంత పాతవాళ్ళో అంతకంటే పాతది, అయినా దానికోసం కొలతలు మార్చుకున్నారు.

ఇది చూపించాక కూడా మా మిత్రుడి ప్రశ్న అలాగే ఉంటుంది. పైన ఇంత ఉంటే కింద ఇంకెంత ఉందో తెలుసుకోవద్దా?

తవ్వకం ఇచ్చినది తక్కువేమీ కాదు

నా వాదానికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి బందీల దిబ్బే. దాన్ని తవ్వారు. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో పురావస్తు శాస్త్ర ఆచార్యుడు షాన్ ఓ రీర్డాన్ 1955లో ఆ పని మొదలుపెట్టి, 1957లో మరణించగా, ఆయన తర్వాత ఆ పీఠానికి వచ్చిన రూరీ డి వెలేరా 1959లో ముగించాడు. ఈరోజు మనం చూసే దిబ్బ ఆ తవ్వకం తర్వాత తిరిగి కప్పినది. వాళ్ళు తవ్వకపోయి ఉంటే, ఆ నడవలో వందలమంది దహన అస్థికలు ఉన్నాయని మనకు తెలిసేది కాదు. రాళ్ళ కుప్పపైన పరచిన మట్టిపొరలో వెయ్యేళ్ళకు పైగా గడిచాక కంచుయుగపు మనుషులు తమవాళ్ళను కుండలలో పెట్టి పాతారని, అంటే ఆ సమాధిని తమదిగా చేసుకున్నారని తెలిసేది కాదు.

వాళ్ళలో ఒకరిని తల్చుకోకుండా ఉండలేను. చుట్టూ అందరినీ దహనం చేసి అస్థికలు పాతిన చోట, పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రవాడొకడిని దహనం చేయకుండా పడుకోబెట్టారు. మెడలో కంచు, అంబరు, నల్లటి జెట్ రాయి, నీలపు ఫయాన్స్ పూసలు కలిపి కూర్చిన హారం ఉంది. పక్కన చిన్న కంచు కత్తి, ఒక ఆర ఉన్నాయి. ఫయాన్స్ అంటే ఇసుకను మెరుపు పూతతో కాల్చి చేసే పదార్థం. ఆ రోజుల్లో అవి ఈజిప్టు వైపు నుంచి వచ్చాయని అనుకునేవారు. తర్వాతి పరీక్షల వల్ల బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లోనే అలాంటివి తయారుచేసేవారన్న అభిప్రాయం బలపడింది. ఆ కుర్రవాడు ఎవరి కొడుకో, ఎందుకు అతన్ని ఒక్కడినీ అలా సాగనంపారో తెలియదు, కానీ అతను ఉన్నాడని తెలుసు. తవ్వకాన్ని పూర్తిగా కాదనేవాళ్ళు ఆ తెలియడాన్ని కూడా వదులుకోవడానికి సిద్ధపడాలి. నేను సిద్ధంగా లేను.

అయితే ఆ తవ్వకం కథ 1959లో ముగియలేదు. పూర్తి నివేదిక మ్యూరిస్ ఓ సలివన్ రాయగా అచ్చయింది 2005లో. మధ్యలో నలభై అయిదేళ్ళకు పైగా గడిచాయి. మొదలుపెట్టినవాడు లేడు, ముగించినవాడూ 1978లోనే పోయాడు. వాళ్ళు రాసుకున్న కాగితాలు, గీసిన పటాలు, పెట్టెలలో దాచిన ఎముకలు వేరే తరం చేతికి వచ్చాయి. ఇది తారాకే పరిమితమైన దురదృష్టమని అనుకోవడానికి లేదు. తారాకు సాటివచ్చే మరో ప్రాచీన రాజపీఠం ఉత్తర ఐర్లండ్‌లోని నావన్ కోట. అక్కడి పెద్ద దిబ్బను డడ్లీ వాటర్‌మన్ 1960ల్లో మొదలుపెట్టి పదేళ్ళ లోపు తవ్వి ముగించాడు. ఆయన 1979లో మరణించాడు, నివేదికను క్రిస్ లిన్ పూర్తిచేసి 1997లో తెచ్చాడు. నేలను తవ్వడానికి పట్టే కాలంకంటే ఆ తవ్వినదాన్ని అర్థం చేసుకుని రాయడానికి పట్టే కాలం ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ రాసే పనికి మాత్రం నిధులు చివర దొరుకుతాయి, లేదా దొరకవు. ప్రజలు మెచ్చుకునేది తవ్వకాన్ని. ఫొటోలు వచ్చేది తవ్వకంలో. రాసే మనిషి ఏళ్ళ తరబడి ఒక గదిలో ఒంటరిగా కూర్చుంటాడు.

ఆలస్యం వల్ల తారాకు ఒక మేలు కూడా జరిగింది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. బాగా కాలిన ఎముక వయసును రేడియోకార్బన్ పద్ధతిలో కట్టడం 1950ల్లో సాధ్యం కాదు. అందుకు కావలసిన మాంసకృత్తు మంటలో నశిస్తుంది. కాలిన ఎముకలోని ఖనిజంలో మిగిలే కార్బన్‌తో వయసు కట్టవచ్చని 1990ల చివరలో తేలింది. పెట్టెల్లో ఉన్న తారా అస్థికలకు అప్పుడు వయసు తెలిసింది. ఆ తర్వాత మరో పదిహేనేళ్ళకు, కాలిన ఎముకలోనే ఉండే స్ట్రాన్షియం ద్వారా ఆ మనిషి ఏ రకపు నేలమీద పండినది తిని బతికాడో చెప్పే మార్గమూ దొరికింది. మీత్ కౌంటీలోనే ఉన్న పెద్ద నడవ సమాధి న్యూగ్రేంజ్‌లో దొరికిన ఒక కాలని పుర్రె ఎముకలోని డీఎన్ఏ చదివి, ఆ మనిషి తల్లిదండ్రులు తోబుట్టువులో, తల్లీకొడుకులో, తండ్రీకూతుళ్ళో అయి ఉండాలని 2020లో ప్రకటించారు. 1960ల్లో ఆ ఎముకను చేతిలో పట్టుకున్నవారెవరూ అందులో ఇంత ఉందని ఊహించి ఉండరు.

దీన్నుంచి మా మిత్రుడు ఒక పాఠం తీస్తాడు: చూశావా, తవ్వి దాచబట్టే కదా ఇవన్నీ తెలిశాయి. నేను మరొకటి తీస్తాను. ఎముకలను దాచారు సరే, వాటి చుట్టూ ఉన్న మట్టి మాటేమిటి? పుప్పొడి, పురుగుల రెక్కలు, మట్టిలోనే మిగిలిపోయే డీఎన్ఏ, ఏ పొర ఎంతకాలం ఎండకు తెరిచి ఉందో చెప్పే ఇసుక రేణువులు, ఇవన్నీ నేడు సాక్ష్యాలు. 1950ల్లో అవి పారతో ఎత్తి పక్కన పోసే మట్టి. ఓ రీర్డాన్ తన కాలానికి ఎంతో జాగ్రత్తపరుడు. నేడు అందరికంటే జాగ్రత్తగా తవ్వేవారు కూడా 2080 కళ్ళకు అలాగే కనిపిస్తారు. సమాధి ఒక్కసారే తవ్వబడుతుంది.

మందసం వెతికినవాళ్ళు

తవ్వకం ఏ ప్రశ్నతో మొదలవుతుందన్నది ముఖ్యం. 1899 నుంచి 1902 వరకు తారాలో మరో తవ్వకం జరిగింది. బ్రిటిషువాళ్ళు ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల సంతతి అని నమ్మే ఒక వర్గంవాళ్ళు, బైబిల్లోని నిబంధన మందసం, అంటే పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, తారాలో పాతిపెట్టి ఉందని తీర్మానించుకుని, భూస్వామి అనుమతితో సభల కోట అనే మట్టికట్టల వలయాన్ని గుంతలు గుంతలుగా తవ్వారు. మందసం దొరకలేదు. ఐరిష్ రచయితలు డగ్లస్ హైడ్, జార్జ్ మూర్, యేట్స్ ముగ్గురూ కలిసి 1902 జూన్‌లో లండన్ టైమ్స్ పత్రికకు నిరసన లేఖ రాశారు. ఐరిష్ జాతీయవాది మాడ్ గాన్ గుట్టమీదికే వెళ్ళి, ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పేర్చిన కట్టెలను ముందే అంటించి జాతీయగీతాలు పాడింది. చివరకు తవ్వకం ఆగింది.

యాభై ఏళ్ళ తర్వాత, 1952-53లో, ఓ రీర్డాన్ అదే చోట పనిచేసినప్పుడు రోమన్ గాజుపాత్రల ముక్కలు, ఒక సీసపు ముద్ర, తాళం భాగం లాంటివి దొరికాయి. రోమన్ సైన్యం ఎన్నడూ ఆక్రమించని ఐర్లండ్‌లో, క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో, తారా మీద ఎవరో రోమన్ గాజులో తాగారు. ఆ పాత్రలు ఎవరి ఇంట్లో, ఏ మూల, దేని పక్కన ఉండేవో చెప్పగలిగే పొరల్లో ఎంత భాగం మందసం గుంతల్లో కలిసిపోయిందో లెక్కకట్టేవారు లేరు. ఒక మూఢనమ్మకం చేసిన నష్టంగా దీన్ని చెప్పుకోవడం తేలిక. కానీ నన్ను కలవరపెట్టేది వాళ్ళ నమ్మకంకంటే వాళ్ళ తొందర. కింద ఫలానా వస్తువు ఉందని ముందే నిశ్చయించుకున్నవాడు మిగిలినదాన్నంతా అడ్డుగా చూస్తాడు. పర్యాటకులకు చూపించడానికి ఏదో ఒకటి బయటికి రావాలని తవ్వేవాడికీ అదే ప్రమాదం ఉంది.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న షోరాపూర్ ప్రాంతంలో, మన తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్ళని పిలిచే రకం రాతి సమాధులను 1850ల్లో తవ్వాడు. ఉద్యోగ విరమణ తర్వాత డబ్లిన్‌లో స్థిరపడి, ఆ వివరాలను రాయల్ ఐరిష్ అకాడమీ పత్రికలో అచ్చువేయించాడు. దక్కను సమాధులకూ ఈ దీవుల సమాధులకూ చుట్టరికం ఉందని ఆయన చేసిన ఊహ నిలబడలేదు. కానీ ఆయన తవ్విన గుంతలకు నిలువుకోత పటాలు గీసి, ఏ పొరలో ఏది ఉందో గుర్తించిపెట్టాడు. దాదాపు వందేళ్ళ తర్వాత పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఆ పటాలను మెచ్చుకున్నాడు. అంటే తారాలో మందసం గుంతలు పడటానికి నలభై ఏళ్ళ ముందే, దక్కనులో పనిచేసిన మనిషి అంతకంటే మంచి పద్ధతిని డబ్లిన్‌లోనే ప్రచురించి ఉన్నాడు. అందుకే ఆ గుంతలను కాలం మీదికి నెట్టలేము. వస్తువు కావాలన్న ఆత్రం ఉన్నచోట అందుబాటులో ఉన్న పద్ధతి కూడా పనికిరాలేదు.

కాగితం మీద కాపాడటం

తవ్వకం అంటే పరిరక్షణే అన్న మాట ఎంత దూరం వెళ్ళగలదో లిస్మలిన్ చూపించింది. డబ్లిన్ నుంచి వాయవ్యంగా వెళ్ళే ఎం3 రహదారిని తారాకూ స్క్రీన్ గుట్టకూ మధ్య ఉన్న గౌరా లోయ గుండా వేయడానికి 2003లో అనుమతి వచ్చింది. పని జరుగుతుండగా 2007లో, తారాకు రెండు కిలోమీటర్ల దూరంలోని లిస్మలిన్‌లో, సుమారు 80 మీటర్ల వ్యాసంతో కొయ్య గుంజల వలయం, దాని నడుమ చిన్న వలయం, తూర్పునుంచి లోపలికి వచ్చే నడకదారి బయటపడ్డాయి. ఇనుపయుగపు పవిత్రస్థలం అది. జాతీయ స్మారకంగా గుర్తించారు. ఆ తర్వాత పూర్తిగా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, నమోదు చేసి, దాని మీదుగా రోడ్డు వేశారు. 2010 జూన్‌లో రహదారి తెరిచారు. దీన్ని అధికారిక భాషలో నమోదు ద్వారా పరిరక్షణ అంటారు.

న్యాయంగా చెప్పాలంటే, రోడ్డు లేకపోతే లిస్మలిన్ ఉందని ఎవరికీ తెలిసేది కాదు. తవ్వినవారు నిజాయితీగా, నేర్పుతో తవ్వారు, నివేదికా త్వరగానే వచ్చింది. నవన్, కెల్స్ పట్టణాల నుంచి ప్రతిరోజూ డబ్లిన్‌కు వెళ్ళి వచ్చేవాళ్ళకు పాత రోడ్డు నరకంగా ఉండేది. నేనూ ఆ ఎం3 మీదే తారాకు వెళతాను, టోలు కడతాను. ఆ సౌకర్యాన్ని అనుభవిస్తూ దాన్ని తిట్టడం నాకు తగదు. కానీ లోయలో మరో దారి ఎంచుకునే వీలున్నప్పుడు ఎంచుకోలేదన్న వాదన అప్పుడూ ఉంది, నాకు అది సమంజసంగానే తోస్తుంది. పోయింది ఒక వలయం మాత్రమే కాదు. రాజుల కోటనూ, గుట్ట దిగువన ఉన్న లిస్మలిన్‌నూ, స్క్రీన్ గుట్టనూ కలిపి ఒకే చోటుగా చూసే అవకాశం పోయింది. నివేదిక ఎంత మంచిదైనా, దాని రాతకర్తలకు తట్టని ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. నేల చెప్పగలిగేది.

తవ్వకుండా చూసిన వలయం

మా మిత్రుడు నిలబెట్టమంటున్న కొయ్య స్తంభాల వలయం ఎలా దొరికిందో అతనికి తెలియదు. దాన్ని ఎవరూ తవ్వలేదు. 1992 నుంచి డిస్కవరీ ప్రోగ్రామ్ అనే ఐరిష్ పురావస్తు పరిశోధన సంస్థ తరఫున కానర్ న్యూమన్, జో ఫెన్విక్ తదితరులు తారా నేలను గజం గజం కొలిచారు. ఒకప్పుడు తవ్వి పూడిన కందకంలో చేరే పైమట్టికీ, కాలిన మట్టికీ చుట్టూ ఉన్న నేలకంటే అయస్కాంత గుణం కొంచెం వేరుగా ఉంటుంది. మాగ్నెటోమీటరు పట్టుకుని వరుసలు వరుసలుగా నడిస్తే ఆ తేడా పటంగా వస్తుంది. అలా నడిచిన పటంలో బందీల దిబ్బను చుట్టుకుంటూ, ఒక చివరనుంచి మరో చివరకు 170 మీటర్లకు తక్కువ కాని అండాకారపు కందకం, దానికి అటూ ఇటూ వరుసగా పెద్ద పెద్ద గుంతలు కనిపించాయి. స్తంభాలు వందల్లో ఉండేవని అంచనా. పైన గడ్డి అలాగే ఉంది. గొర్రెలు దానిమీద మేస్తూనే ఉన్నాయి.

ఒకసారి మేము వెళ్ళినప్పుడు ఒక పాఠశాల పిల్లలు వచ్చి ఉన్నారు. వాళ్ళ టీచరు చేతిలో ఆ సర్వే పటం ఉంది. ఆమె పిల్లలను ఒక్కొక్కరినీ తీసుకెళ్ళి, పటంలో గుంత ఉన్నచోట నిలబెట్టింది. పిల్లలు చాలక వలయంలో నాలుగోవంతు కూడా పూర్తికాలేదు. కానీ ఆ కొద్దిపాటి వంపును చూస్తేనే మొత్తం ఎంత పెద్దదో వెంటనే తెలిసింది. కాసేపయ్యాక పిల్లలు వెళ్ళిపోయారు, నేలకు ఏమీ కాలేదు. ఏమీ లేదన్న ఫిర్యాదుకు సమాధానం ఇలాంటి టీచర్లు, ఇలాంటి పటాలు. చక్కటి పటాలు, నేలమీద నడుస్తూ చదువుకునే వివరణలు తారాలో ఇప్పుడున్నదానికంటే చాలా ఎక్కువ ఉండాలి. ఆ లోటు నిజం, దాన్ని నేను సమర్థించను.

స్తంభాలను మళ్ళీ నిలబెట్టడం మాత్రం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ స్తంభాల ఎత్తెంతో, పైన అడ్డదూలాలు ఉండేవో లేదో, వాటిమీద చెక్కడాలో రంగులో ఉండేవో మిగిలిన గుంతలు చెప్పవు. కొత్త స్తంభం పాతాలంటే పాత గుంతలోనే పాతాలి, అంటే దేని గుర్తుగా నిలబెడుతున్నామో దాన్నే తవ్విపారేయాలి. న్యూగ్రేంజ్ ముఖద్వారం దగ్గర తెల్లటి పలుగురాళ్ళతో నిలువుగా కట్టిన గోడ మైకేల్ ఓ కెలీ తవ్వకం తర్వాత లేచినది. ఆయన ఆధారాలను బట్టే అలా ఊహించాడు. ఆ రాళ్ళు గోడగా కాక, ద్వారం ముందు నేలమీద పరిచినవై ఉండవచ్చని వాదించేవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు లక్షలమంది మనసుల్లో న్యూగ్రేంజ్ అంటే ఆ తెల్లగోడే. ఒక ఊహ కాంక్రీటుతో గట్టిపడితే మరో ఊహకు చోటుండదు.

నా పక్షంలోని బలహీనతలు

గడ్డి కింద ఉన్నదంతా క్షేమంగా ఉంటుందనుకోవడం అమాయకత్వం. వేర్లు తొలుస్తాయి, వానపాములు పొరలను కలిపేస్తాయి, కుందేళ్ళు బొరియలు తవ్వుతాయి, నడిచేవాళ్ళ అడుగుల కింద కట్టలు అరిగిపోతాయి. తారా కట్టలమీద మట్టి తేలిన కాలిబాటలు ఎవరైనా చూడవచ్చు. పగ పట్టినట్టు వచ్చేవాళ్ళూ ఉన్నారు. రాజయోగ్యుడు తాకితే అరిచేదని చెప్పుకునే లియా ఫాల్ రాయిని 2012లో సుత్తితో కొట్టారు, 2014లో రంగు పోశారు, 2023లో దానిమీద రంగుతో రాశారు. నేలను ఉండనివ్వడం అంటే వదిలేయడం కాదు. కాపలా, మరమ్మతు, కాలిబాటల మళ్ళింపు, చుట్టుపక్కల భూముల్లో లోతు దుక్కిపై నియంత్రణ, ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు, ప్రారంభోత్సవాలు లేని పనులు.

మరో అభ్యంతరం ఇంతకంటే లోతైనది. రేపటివాళ్ళు మనకంటే బాగా తవ్వుతారని ప్రతి తరమూ వాయిదా వేస్తే ఎవరూ ఎన్నడూ ఏమీ తెలుసుకోరు. నావన్ కోట దిబ్బను తవ్వకపోయి ఉంటే, దాని మధ్యస్తంభంగా నిలిపిన ఓక్ చెట్టును క్రీస్తుపూర్వం 95 చివరలోనో 94 మొదట్లోనో నరికారని చెట్టు వలయాలు లెక్కపెట్టి చెప్పగలిగేవాళ్ళం కాము. ఉత్తర ఆఫ్రికానుంచి అంత దూరం వచ్చిన ఒక కోతి పుర్రె అక్కడ దొరికి ఉండేది కాదు. ఇంతటి జ్ఞానాన్ని తాత్సారం కింద పూడ్చిపెట్టే హక్కు ఎవరికుందని మా మిత్రుడు అడిగితే, నాకూ మనసు ఊగిసలాడుతుంది.

నాకు కొంత దారి చూపించింది 1997లో పురావస్తు శాస్త్రవేత్త హెలెన్ రోష్ రాజుల కోట కందకంలో తవ్విన కోత. ప్రశ్న స్పష్టంగా ఉంది: ఈ కందకం ఎప్పటిది, దానికి ముందు ఇక్కడేముంది? ఓ రీర్డాన్ అంతకుముందే తెరిచిన చోటికి ఆనుకునే ఆమె పని సాగింది. రాతినేలలోకి 3 మీటర్ల దాకా దిగిన కందకం, దాని వెంట కొయ్య కంచె పాతిన చాలు, కట్ట కింద కమ్మరిపని ఆనవాళ్ళు తెలిశాయి. కిలోమీటరు పొడవులో తెరిచింది కొద్ది మీటర్లు. మిగిలిన కందకం మరొకరి మరో ప్రశ్న కోసం అలాగే ఉంది. తవ్వకం పట్ల నాకున్న సమ్మతి ఇంతవరకే. ప్రశ్న ముందుండాలి, పాత గాయం ఉన్నచోటే వీలైతే తెరవాలి, జవాబుకు చాలినంతే తీయాలి. మొత్తం తవ్వేద్దామన్న ఆలోచనలో ప్రశ్న లేదు.

చనిపోయినవారి మాట

పిల్లలు బందీల దిబ్బమీదికి ఎక్కి జారుతుంటారు. ఖమ్మం దగ్గరి నుంచి కూతురి కాన్పుకు వచ్చిన ఒక పెద్దావిడను మాతో తీసుకెళ్ళాం. దిబ్బ దగ్గర అందరం ఫొటోలకు నిలబడుతుంటే ఆమె దూరంగానే ఆగిపోయారు. లోపల ఉన్నది సమాధి అని మేము చెప్పగానే చెప్పులు విప్పి, "అంతమందిని సాగనంపిన చోటమ్మా, ఎక్కి తొక్కుతామా?" అన్నారు. ఐదువేల ఏళ్ళ నాటి వాళ్ళని అల్లుడు చెప్పాడు. "అయితే మాత్రం?" అన్నారామె.

నేను ఇంతవరకూ రాసిన వాదాలన్నీ జ్ఞానం లెక్కలు: ఇప్పుడు తెలుసుకుంటే ఎంత, తర్వాత తెలుసుకుంటే ఎంత. ఆమె ఆ లెక్కలోకే రాలేదు. ఆ అస్థికలు ఎవరివో వాళ్ళ వారసులమని చెప్పుకోగలవారు లేరు. అయినా ఆ చోటును తరువాత వచ్చినవారు ఒకరి తర్వాత ఒకరు తమ చనిపోయినవారికి వాడుకున్నారు. కంచుయుగపువాళ్ళు తమ కుర్రవాణ్ణి అక్కడ పడుకోబెట్టారు. 1798 మే నెలలో బ్రిటిషు పాలనపై తిరగబడి తారా గుట్టమీద జరిగిన పోరాటంలో చచ్చిపోయిన తిరుగుబాటుదారులను అక్కడే పాతిపెట్టారు, లియా ఫాల్‌ను దిబ్బ పక్కనుంచి తెచ్చి వాళ్ళ గోరీకి గుర్తుగా నిలబెట్టారు. సభల కోటను ఒక వైపు కోసుకుంటూ చర్చి శ్మశానం ఉంది. మొత్తం తవ్వకం అన్నప్పుడు వీళ్ళలో ఎవరి దగ్గర ఆగాలో చెప్పమని మా మిత్రుణ్ణి అడిగాను. రెండువందల ఏళ్ళ నాటివారిని ముట్టుకోకూడదని వెంటనే అన్నాడు. రెండువేల ఏళ్ళ నాటివారైతే? ఆలోచించి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు. శాస్త్రానికి వాళ్ళ ఎముకలమీద హక్కు బొత్తిగా లేదని నేను అనను. పెట్టెల్లో ఉన్న అస్థికలను చదవడం సాగాలి, వాటికే ఇంకా ఎన్నో ఏళ్ళ పని ఉంది. కొత్తవారిని లేపడానికి మాత్రం ఇప్పటికన్నా గట్టి కారణం కావాలి.

అతను అడిగిన చివరి ప్రశ్న డబ్బు గురించి. మ్యూజియం, వలయం ఉంటే టికెట్లతో ఆదాయం వస్తుంది, గడ్డికి ఎవరు డబ్బిస్తారు అన్నాడు. తారాలోకి టికెట్టు లేదు, రాత్రయినా పగలయినా ఎవరైనా నడిచి వెళ్ళవచ్చు. 1843 ఆగస్టు 15న ఐరిష్ నాయకుడు డానియల్ ఓకానెల్ ఆ గుట్టమీద పెట్టిన సభకు ఏడెనిమిది లక్షలమంది వచ్చారని ఆనాటి వాళ్ళు చెప్పుకున్నారు. ఆ సంఖ్యలో సగాన్ని నమ్మినా, అంతమంది ఆ గుట్టను తమదిగా భావించారనే అర్థం. ప్రభుత్వం టికెట్ల ఆదాయం గురించి ఆలోచించకుండా పెట్టవలసిన ఖర్చుల్లో ఇదొకటని నేనన్నాను. ముందుగా ఏం చేయాలని అడిగితే, తారా, స్క్రీన్ గుట్టలనూ మధ్యలోని గౌరా లోయనూ కలిపి ఒకే రక్షిత ప్రాంతంగా చట్టబద్ధం చేసి, ఎం3 కూడలుల చుట్టూ గోదాములూ పెట్రోలు బంకులూ పెరగకుండా చూడాలని చెప్పాను. లిస్మలిన్ లాంటిది ఆ పొలాల్లో ఇంకొకటి ఉంటే, దాన్ని మొదట మాగ్నెటోమీటరు పట్టుకుని నడిచేవాళ్ళు చూడాలి, బుల్‌డోజరు కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మా మిత్రుడు నాతో ఏకీభవించాడు. రోడ్లు వేసేవాడికి దారి ముందే తెలిస్తే ఖర్చు కూడా తగ్గుతుందని తన వైపునుంచి ఒక కారణం జోడించాడు.